మా గల్లీ తాగిన పడవ

ముందే ఒట్టు వేసేస్తున్నాను. నన్నెరిగినవాళ్ళు ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఏ ఒక్కరూ నా మాటని మొదటిసారి చెప్పినప్పుడు నమ్మరు కాబట్టి ఈ జాగ్రత్త. మా అమ్మ చేతి పచ్చిపులుసు మీద ఒట్టు. నాచారం చెరువు కట్ట మీద కూర్చున్న మైసమ్మ తల్లి మీద ఒట్టు. అవి చాలవంటే నా నెత్తి మీద ఇంకా మిగిలిన నాలుగు వెంట్రుకల మీద ఒట్టు. ఈ కింద రాయబోయేదంతా అక్షరాలా జరిగింది. పెళ్ళిచూపుల్లో నేను చెప్పిన కబుర్లని మా ఆవిడ ఇప్పటికీ ఒక్కొక్కటిగా విచారిస్తూనే ఉంది. ఆ కేసులు వేరు, ఇది వేరు. ఇది మా నాన్న సంగతి.

పోయిన వానాకాలంలో వసంతక్క ఇంటికి వెళ్ళాను. అక్క ఉండేది నాచారంలో, చెరువు వెనక వెలిసిన కాలనీలో, కింది అంతస్తులో. పలకరించడానికి వెళ్ళానని పైకి చెబుతాను గానీ వెళ్ళింది ఆదివారం అక్క చేసే సర్వపిండి కోసం. పొద్దున పట్టిన వాన మధ్యాహ్నానికి కూడా తెరిపివ్వలేదు. నీళ్ళు వీధి వైపు నుంచి వస్తాయని గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెట్టి కాపలా కూర్చున్నాం. అవేమో బాత్రూము తూములోంచి, ఇంటి మనిషిలాగా, లోపలి నుంచే వచ్చాయి. చూస్తుండగానే మోకాలి లోతు. ప్యాంటు పైకి మడుచుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డానో లేదో, పొయ్యి గట్టు కింద అరలా పెట్టుకున్న ఒక పొడుగాటి చెక్క లేచింది. దాని మీద పోపుల డబ్బా ఉంది. చెక్క ఒక్క ఊపు ఊగి, నిలదొక్కుకుని, గింజ ఒలకకుండా డబ్బాని మోసుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చి మోకాళ్ళకి ఆనుకుని ఆగింది. నా నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. వంగి వాసన చూశాను. ఇన్నేళ్ళ పసుపు, ఇంగువ, జీలకర్ర వాసనల అడుగున, సన్నగా, మొండిగా, గుగ్గిలం.

"ఏందిరా గట్ల జూస్తున్నవ్? నాన్న పడవ పలక గది. అన్నీ పోంగ గదొక్కటి మిగిలింది" అంది అక్క, మంచం మీద నిలబడి చీర కుచ్చిళ్ళు పట్టుకుని.

ఇంతలో వీధిలో ఈలలు. నారింజ రంగు రబ్బరు పడవ ఒకటి మా గుమ్మంలోకి ముక్కు పెట్టింది. అందులో ఇద్దరు కుర్రాళ్ళు. "అంకుల్, జల్ది ఎక్కుండ్రి. భయపడకుండ్రి. ఎప్పుడన్న బోటెక్కిన్రా?" అన్నాడు ఒకడు. ఏం చెప్పను? మాటకి మాట తడుముకోని నేను, ఆ ఒక్క ప్రశ్నని విననట్టు, మడిచిన ప్యాంటునే ఇంకో మడత మడిచాను. అక్క మాత్రం పోపుల డబ్బా ఒక చంకన, పలక ఇంకో చంకన పెట్టుకుని ఎక్కి కూర్చుంది. "ఆంటీ, గా కట్టె ఎందుకు, పడేయుండ్రి" అన్నాడు రెండోవాడు. "కట్టె కాదు బిడ్డా, గిది కూడ పడవనే" అంది అక్క. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పాపం ఆంటీకి దడుపు జ్వరం వచ్చినట్టుందని. నాకు నవ్వు రాలేదు. ఆ పడవ కదిలి కాలనీ నడుమ నుంచి వెళ్తుంటే, మేం తేలుతున్నది ఏ నీళ్ళ మీదో గుర్తుపట్టాను. అది మా చెరువు. అది ఎక్కడికీ పోలేదు. మేమందరం దాని మీద ఇళ్ళు కట్టుకుంటే, తన జాగా తను చూసుకోవడానికి వచ్చిందంతే.

మా చిన్నప్పుడు నాచారంలో మా ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. ముందు కాస్త వాకిలి, వాకిట్లో ఒక జామచెట్టు, దాని కింద నాన్న స్నానం చేసే బండ. నాన్నది గోదావరి నడుమ ఒక లంక ఊరు. ఫ్యాక్టరీ పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అమ్మది భువనగిరి దగ్గర పల్లె. ఇద్దరూ ఎట్లా కలిశారన్నది వేరే కథ, దాన్ని నేను చాలా రకాలుగా చెప్పగలను. నాన్న పని చేసేది ఫ్యాక్టరీ ప్యాకింగు విభాగంలో. ఎక్కడెక్కడి నుంచో వచ్చే యంత్రాల చెక్కపెట్టెలు విప్పడం, పోయే సరుకుకి పెట్టెలు కొట్టడం. సాయంత్రం నాన్న ఇంటికి వస్తే మనిషికంటే ముందు చెక్కపొట్టు వాసన వచ్చేది. బనీను విప్పి దులిపితే రంపపు పొట్టు బండ మీద పసుపులా రాలేది. వంట దగ్గర మాత్రం ఇంట్లో నిత్యం యుద్ధం. నాన్న పులుసులో బెల్లం అడిగేవాడు. "పులుసుల బెల్లమేందయ్యా, గది పులుసా పాయసమా?" అనేది అమ్మ. అని, ఎవరూ చూడకుండా చిన్న ముక్క వేసేది.

ఆదివారాలు యాదగిరి మామ వచ్చేవాడు. అమ్మకి తమ్ముడు. ఉప్పల్ చౌరస్తాలో సైకిల్ టాక్సీ నడిపేవాడు. ఆ మాట ఇప్పటి పిల్లలకి తెలియదు. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికిచ్చే దుకాణం అన్నమాట. అరచేతుల నిండా గ్రీజు, గోళ్ళ కింద గ్రీజు, నవ్వితే పళ్ళ మీద కూడా గ్రీజు ఉందేమో అనిపించేది. రోజంతా ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ వస్తాయా అని చూసే పని కదా, మనుషుల మాటల్ని కూడా అట్లాగే ముంచి చూసేవాడు. హ్యాండిలుకి వేలాడేసిన ఆకుపొట్లంలో మటన్ తెచ్చేవాడు. అమ్మ వండేది. అందరం గుండ్రంగా కూర్చున్నాక నాన్న మొదలుపెట్టేవాడు. వరదలు, సుడులు, పడవ కింది నుంచి పోయిన మొసళ్ళు, చీకట్లో దీపం లేకుండా రేవు కనిపెట్టడం. నాన్న కథలో పడవ సుడిలో పడితే మా చేతిలోని ముద్ద నోటి ముందరే ఆగేది. అది ఒడ్డు చేరాకే మింగేవాళ్ళం. అన్నం చల్లారిపోతోందని అమ్మ గొణిగేది గానీ, తన చేతిలో గరిటె కూడా ఆగేది. మా ఇంట్లో అప్పటికి టీవీ లేదు. ఉన్న రేడియో అప్పుడప్పుడు గరగరమనేది. మాకు ఉన్న సంపదంతా ఆ గోదావరే.

ఆ ఆదివారం కథ వరదలో పెళ్ళి.

"పెళ్ళివారందరినీ, వంటపాత్రల్నీ, పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళిచ్చిన పాడి గేదెనీ ఒకే పడవలో ఎక్కించి, నేనొక్కణ్ణే గెడ వేసుకుంటూ ఇవతలి ఒడ్డుకి తెచ్చాను. మధ్యలో గేదె బెదిరింది. ఏం చేశానో తెలుసా? దాని చెవిలో పాట పాడాను" అన్నాడు నాన్న.

మామ చీకుతున్న బొక్క పక్కన పెట్టాడు. "బర్రె చెవుల పాట పాడినవా బావా?"

"పాడాను."

"అది ఇన్నదా?"

"వినకపోతే నేనిక్కడ ఎందుకుంటాను?"

"బావా, నేను గోదారి సూడలే. గని అండ్ల నీళ్ళకన్న నీ మాటలే ఎక్కువున్నయని మాత్రం సమజైంది."

మేం నవ్వాం. నాన్న కూడా ఎప్పుడూ నవ్వేసేవాడే, ఆ రోజెందుకో నవ్వలేదు. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఏంటి యాదగిరీ? నేను అబద్ధాలాడుతున్నానంటావా?"

"నేనెందుకంట? ఒక పడవ కట్టు. నీ చేతుల్తోని. మన నాచారం చెరువుల తేలిందనుకో, నువ్వేం జెప్పినా నమ్ముత. బర్రె పాటతోని సహా."

"మునిగితే?"

"నువ్వే జెప్పు."

నాన్న కంచంలోంచి చెయ్యి తీశాడు. "మునిగితే ఈ ఇంట్లో మళ్ళీ గోదావరి మాట ఎత్తను" అన్నాడు.

"ఏం లొల్లయ్యా తినేకాడ! తినుండ్రి" అంది అమ్మ. ఆమెకి అది లొల్లి. అక్కా నేనూ మాత్రం కొయ్యబారిపోయి ఒకరినొకరు చూసుకున్నాం. పడవ మునిగితే మాకిక ఆదివారాల్లేవు. మటన్ ఉంటుంది, మామ ఉంటాడు, నాన్న తలొంచుకుని తినేసి లేస్తాడు. ఆ ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికే భయం వేసింది.

నాన్న మర్నాటి నుంచే పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో పారేసే పెట్టెల చెక్క అడిగి సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవాడు. వంకరపోయిన మేకుల్ని స్నానం బండ మీద పెట్టి సుత్తితో సాపు చేయడం అక్క పనీ నా పనీ. నా ఎడమ బొటనవేలి గోరు ఈ రోజుకీ కొంచెం వంకరగానే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. పడవని నాన్న బోర్లించి కట్టాడు. కింద ఇటుకలు పేర్చి, వాటి మీద పక్కటెముకల్లా వంచిన చెక్కలు నిలబెట్టి, పైనుంచి పలకలు. వాకిట్లో సగం అదే ఆక్రమించింది. దారిన పోయేవాళ్ళకి అదేమిటో అంతుపట్టేది కాదు. ఎదురింటి సత్తెమ్మత్త గోడ మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసి, "మంచిగుంది పద్మా, కోళ్ళ గూడు. గని గింత పెద్ద గూడుల ఎన్ని కోళ్ళు బెడ్తవ్?" అని అమ్మని అడిగింది. పడవ అని అమ్మ చెప్పగానే ఆమె గడ్డం గోడ మీద నుంచి జారింది. "పడవనా? యాడికి బోతరు? అంబర్‌పేటకా?"

అసలు పిడుగు మా అమ్మ మీద పడింది. పలకల సందుల్లో దూదీ గుగ్గిలమూ కూరాలట. గుగ్గిలం దంచి నూనెలో కాచాలట. కాచడానికి మందపాటి గిన్నె కావాలి. ఇంట్లో అంత మందం ఉన్నది ఒక్కటే, మా అమ్మ సర్వపిండి చేసే గంజు. అమ్మమ్మ ఇచ్చింది. అడుగున నల్లగా మెరుస్తూ, ఎన్నో ఏళ్ళ నువ్వుల నూనె తాగి, పిండి అంటకుండా విడిచిపెట్టే గంజు. అమ్మ బియ్యం పిండి పట్టించుకు రావడానికి వెళ్ళిన సందు చూసి నాన్న దాన్ని పొయ్యి మీదికి ఎక్కించాడు. అమ్మ పిండి డబ్బాతో తిరిగి వచ్చేసరికి గల్లీ అంతా గుడిలో ధూపం వేసినట్టు పొగ, మధ్యలో గంజులో బుడబుడమంటూ నల్లటి జిగురు.

అమ్మ పిండి డబ్బా కింద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని, గంజు వైపూ నాన్న వైపూ మార్చి మార్చి చూసింది. ఆ చూపుకి నేను జామచెట్టు ఎక్కేశాను.

"ఏందయ్యా గిది?" అంది చివరికి.

"మళ్ళీ తోమేస్తే పోతుందే" అన్నాడు నాన్న.

పోలేదు. బూడిద, చింతపండు, ఇటుకపొడి, ఏం పెట్టినా పోలేదు. ఆ తరువాత మా ఇంట్లో సర్వపిండి గుగ్గిలం వాసనే. మొదట్లో ముక్కు మూసుకుని తిన్నాం. తరువాత తరువాత ఇంకెక్కడ తిన్నా ఏదో తక్కువైనట్టు ఉండేది.

పడవ పూర్తయ్యేసరికి నడి వేసవి. వెల్లకిలా తిప్పారు. చూస్తే నిజంగా పడవే. మామ వచ్చి చుట్టూ తిరిగి వేళ్ళతో తట్టి, "సూపులకైతె బాగనే ఉంది. ఎప్పుడు ముంచుతున్నవ్ బావా?" అన్నాడు. అప్పుడు నాన్న చెప్పిన మాటకి అందరం నిర్ఘాంతపోయాం. ముందు పడవ నిండా నీళ్ళు పొయ్యాలట.

ఆ రోజుల్లో మా గల్లీలో నీళ్ళంటే ఏమిటో చెప్పాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. ఎండాకాలం ఆ సన్నటి ధార కూడా ఆగిపోయి ట్యాంకరు దిక్కయ్యేది. దాని హారను వినిపిస్తే వంటలు వదిలేసి, పిల్లల్ని వదిలేసి, బిందెలతో పరుగు. మర్యాదస్తులైన ఆడవాళ్ళు బిందె వరస కోసం జుట్లు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. అట్లాంటి గల్లీలో మా నాన్న తన వంతు ట్యాంకరు పైపుని ప్రహరీ గోడ మీదుగా లాగి పడవలోకి వదిలాడు.

"నీళ్ళ మీద పోయేటి పడవల నీళ్ళు పోసుడేందయ్యా?" అంది అమ్మ. "చెరువుల మునిగేదేదో ఇంట్లనే ముంచుతున్నవా?"

"చెక్క నీళ్ళు తాగాలే పద్మా. తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. దాహం తీరని పడవని ఏట్లో దింపితే అది ఏరంతా తాగేస్తుంది."

అది తాగలేదు, కక్కింది. ప్రతి సందులోంచీ ధార. ముక్కు దగ్గర, నడుం దగ్గర, అడుగున. వాకిలి దాటి గల్లీలోకి కాలువ పారింది. "ఓ పద్మా, నీ పెనిమిటికి ఏమన్న గాలి సోకిందా? దవాఖానకు కొంచవోరాదె!" అంటూ సత్తెమ్మత్త ముందు తిట్టింది. తిడుతూనే ఒక ధార కింద తన బిందె పెట్టింది. అది చూసి పక్కింటివాళ్ళు పెట్టారు. చూస్తుండగానే పడవ చుట్టూ బిందెలు, బకెట్లు, డేగిసాలు వరస కట్టాయి. ఎవరి ధార వాళ్ళది, జుట్లు పట్టుకునే పని లేదు. నిండిన బిందెల నీళ్ళు మళ్ళీ పడవలో పోసేవారు, మళ్ళీ కింద పట్టేవారు. మామ తన వృత్తి మరిచిపోలేక సుద్దముక్క తెచ్చి, లీకున్న చోటల్లా గుండ్రటి గుర్తులు పెట్టాడు, ట్యూబుకి పెట్టినట్టు. రోజులు గడిచేకొద్దీ ధారలు చుక్కలయ్యాయి, చుక్కలు చెమ్మ అయ్యాయి. ఒక పొద్దున చూస్తే పడవ నిండుగా, నిమ్మళంగా, ఒక్క బొట్టు కారకుండా ఉంది. మామ సుద్ద గుర్తుల మీద వేలు పెట్టి చూసి, పొడిగా ఉన్న వేలుని చాలాసేపు చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ట్యాంకరు రావడం ఆగిపోయింది. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. అప్పుడు గల్లీ గల్లీ అంతా మా వాకిట్లోకి వచ్చింది. అమ్మ కొంగు బిగించి, చెంబు పట్టుకుని, పడవ పక్కన నిలబడింది. ఇంటికి ఇన్ని చెంబులని తనే కొలిచి పోసింది. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. సత్తెమ్మత్త కూడా వరసలో నిలబడింది. దుమ్ము పడకుండా పడవ మీద అమ్మ పాత చీర కప్పేది. ఆ నీళ్ళతో చేసిన చారు కూడా గుగ్గిలం వాసనే వేసేది, గల్లీ మొత్తం ధూపం వేసిన చారు తాగింది. మామ మాత్రం వదల్లేదు. "బావ పడవ కట్టలే, గోలెం కట్టిండు" అన్నాడు. గోలెం అంటే మా వైపు పశువులు నీళ్ళు తాగే తొట్టి. నాన్న మొహం చిన్నబోయింది. మళ్ళీ ట్యాంకరు వచ్చాక కూడా పడవని ఖాళీ చెయ్యడానికి అమ్మ ఒప్పుకోలేదు. "నీ పందెం కోసమని గిన్ని నీళ్ళు పారబోస్తనా? సూస్త ఎవరు ముట్టుకుంటరో!" అంది. నాన్న చేసిన పడవ నాన్న చేతిలో లేకుండా పోయింది. ఆదివారాలు మామ నవ్వుతూ వచ్చి నవ్వుతూ వెళ్ళేవాడు. నాన్న గోదావరి కథలు అప్పటికే సగానికి సగం తగ్గించాడు.

వానలు పడి నల్లాలో నీళ్ళు వచ్చాక గానీ అమ్మ మనసు మెత్తబడలేదు. ఆఖరి చెంబు తనే జామచెట్టు మొదట్లో పోసి, "ఇగ తీస్కపో" అంది. గేటు పట్టకపోతే గోడ కొంత కూల్చి పడవని బయటికి తెచ్చాం. తోపుడు బండి మీద పెట్టి గల్లీ అంతా కలిసి తోసుకుంటూ చెరువు దాకా తీసుకెళ్ళాం. నాన్న పడవ ముక్కుకి పసుపు రాసి నేరుగా నీళ్ళ వైపు నడుస్తుంటే అమ్మ అడ్డం నిలబడింది. "ఆగు. కట్ట మైసమ్మకు సెప్పకుంట చెరువుల కాలు బెడ్తవా? గిది మీ గోదారి కాదు." కట్ట మీది రాయి దగ్గర కొబ్బరికాయ కొట్టాక, పడవని దించారు.

తేలింది.

గల్లీ నోళ్ళన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. మునిగితే విసరడానికని మామ భుజానికి వేసుకొచ్చిన లారీ ట్యూబు జారి కింద పడింది. నేను కూడా వస్తానని ఏడ్చి ముక్కు దగ్గర కూర్చున్నాను. నాన్న గెడ పట్టుకుని ఒడ్డుని ఒక్క తోపు తోశాడు. గాలి వాటుకి పడవ చెరువు నడుమకి వెళ్ళి ఆగింది. నాన్న కదల్లేదు. గెడని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "ఒరేయ్ శీనూ. నాకు పడవ నడపడం రాదురా."

నేను రెండు చేతులా పడవ అంచు పట్టుకున్నాను.

"మా అమ్మ నన్నెప్పుడూ పడవ ఎక్కనివ్వలేదు. నీళ్ళంటే నాకు భయం. రేవులో కూర్చుని పడవలు బాగుచెయ్యడం చూసేవాణ్ణి, అంతే. కట్టడం వచ్చు. మిగతావన్నీ..." అని చెయ్యి తిప్పాడు.

ఒడ్డు మీద నుంచి మామ అరుస్తున్నాడు. "బావా! ఇటు తిప్పు! తిప్పవేందే!" నాన్న గెడ పైకెత్తి గంభీరంగా ఊపాడు. "గాలి చూస్తున్నా!"

మమ్మల్ని కాపాడింది గేదెలు. చెరువులో మందగా మునిగి ఉన్నాయి. పాలు పితికే వేళకి లేచి ఒడ్డుకి బయలుదేరాయి. మా పక్కనుంచి పోతున్న ఒకదాని తోక నేను పట్టుకున్నాను. అది ఒక్కసారి వెనక్కి చూసి, విసుక్కుని, మమ్మల్ని లాక్కుంటూ పోయింది. నాన్న నిటారుగా నిలబడి గెడని ఊరికే నీళ్ళలో ముంచి తీస్తూ, చూసేవాళ్ళకి తనే నడుపుతున్నట్టు ఒడ్డు చేరాడు. మామ నీళ్ళలోకి ఎదురొచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. "బర్రెలు కూడ నీ మాట ఇంటయి బావా! ఇగ నువ్వేం జెప్పినా నమ్ముత." అప్పటి నుంచి నాన్న పోయేదాకా ప్రతి ఆదివారం మా ఇంట్లో గోదావరి పొంగుతూనే ఉంది. సుడి వచ్చిన చోట నాన్న నా వైపు చూసి కన్ను కొట్టేవాడు. మా ఇద్దరి మధ్యే ఉండిపోయిన రహస్యం అది.

పడవ మళ్ళీ మా వాకిట్లో గోలెం అయింది. ఆ తరువాత బోర్లించి కోళ్ళ గూడు చేశారు, సత్తెమ్మత్త మాటే చివరికి నెగ్గింది. అక్క పెళ్ళికి సారెతో పాటు ఒక పలక వెళ్ళింది. ఆ చెరువు వెనక భాగాన్ని పూడుస్తూ పూడుస్తూ వచ్చి, పూడ్చిన చోటే అక్క ఇల్లు లేచింది. ఒకప్పుడు పడవని దించడానికి మేం గోడ పగలగొట్టుకుని నీళ్ళ దాకా నడిచాం. ఇప్పుడు పడవే మనిషి గుమ్మంలోకి వచ్చి ఎక్కమంటోంది. అప్పుడు చెరువులో దిగే ముందు మైసమ్మకి చెప్పమని అడ్డం నిలబడ్డ అమ్మ ఉండేది. ఇళ్ళు కట్టుకునేటప్పుడు మాకెవరూ అడ్డం నిలబడలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. ఆ రోజు రబ్బరు పడవలో ఒడ్డు చేరాక ఆ కుర్రాడు మళ్ళీ అడిగాడు, "అంకుల్, ఫస్ట్ టైమా?" అని. అక్క నా వైపు చూసింది. ఏదో ఒక కోత కోస్తానని చూసింది. నేను తల అడ్డంగా ఊపి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం దగ్గరే నాకు అసలు సంగతి గుర్తొచ్చింది, ఇది రాయడానికి కూర్చున్నదీ అందుకే.

కాబట్టి ఒట్టు కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. మైసమ్మ తల్లి క్షమించాలి, వెంట్రుకలు పోతే పోనీ. మీరు అనుమానిస్తున్న పోపుల డబ్బా నిజమే. గుగ్గిలం చారు నిజం. గల్లీ పడవని తాగింది నిజం. నేను కల్పించింది చెరువు నడుమ మా నాన్న చెప్పిన మాట. ఆ గేదె తోక కూడా. ఆ తరువాతి ఆదివారాలు కూడా.

నాన్నకి పడవ నడపడం వచ్చు. గెడ ఒక్కసారి నీళ్ళలో వేశాడు. మా వాకిట్లో ఇన్నాళ్ళూ మొద్దులా పడున్న ఆ గోలెం ప్రాణం వచ్చినట్టు జరజరా జారింది. రెండోసారి వేశాడు, ముక్కు తిరిగింది. నాన్న మేం ఇంట్లో రోజూ చూసే మనిషి కాదు. వీపు వేరు, మెడ వేరు, నిలబడ్డ తీరు వేరు. అన్నీ నిజాలే అన్నమాట! ఆ సుళ్ళు, ఆ మొసళ్ళు, ఆ పాట! కథ అయితే చప్పట్లు కొట్టేవాణ్ణి. నిజమని తెలిసేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చెరువు నడుమ నాన్న గెడని అడ్డంగా పడవ మీద పెట్టి కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. "పోదామా నాన్నా?" అన్నాను. నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తూ, "ఇక్కడ నీళ్ళు కదలవురా" అన్నాడు. అంతే. తిన్నగా, గీత గీసినట్టు, ఒడ్డుకి తెచ్చాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. మామ కట్ట మీద చతికిలబడి ఉన్నాడు. "బావా... గవన్నీ నిజాలేనా?" నాన్న తలూపాడు, అంతే.

పందెం ఓడితే మానేస్తానన్న మనిషి గెలిచి మానేశాడు. ఆ తరువాతి ఆదివారం మామ మటన్ తెచ్చాడు, తనే బతిమాలాడు. "సెప్పు బావా, మొసలి ముచ్చట సెప్పు. నమ్ముతనన్న గద." "ఏముందిలే యాదగిరీ, తిను" అన్నాడు నాన్న. ఆ పై వారమూ అంతే. గుండ్రంగా కూర్చుని నలుగురూ నములుతున్న చప్పుడు వినడం కంటే భయంకరమైనది నేను ఇంతవరకూ చూడలేదు. "నీ నోరు మండ యాదగిరీ! మంచిగ సెప్పుకుంటుండె మనిషి" అని అమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచి తిట్టింది. మామ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఇంకో ఆదివారం వచ్చింది. అన్నం కలుపుకున్నాం. నాకేమైందో తెలియదు, నోరు దానంతటదే తెరుచుకుంది. "మామా, నీకు తెలుసా, మా నాన్న ఓసారి వరదలో పెళ్ళివారినందరినీ పడవలో ఎక్కించిండు. పెళ్ళికూతురికి పుట్టింటోళ్ళు ఇచ్చిన ఏనుగుని కూడా!"

మామ ముద్ద ఆగింది. అక్క ముద్ద ఆగింది. "ఏనుగునా?" అన్నాడు మామ, గొంతులో ఎప్పటి ఎగతాళి పలికించాలని పాపం నానా తంటాలు పడుతూ. "గంత పెద్ద ఏనుగు పడవల పట్టిందారా?"

"పట్టింది. మధ్యలో బెదిరింది కూడా. అప్పుడు మా నాన్న ఏం జేసిండంటే..."

నాన్న తల ఎత్తలేదు. కంచంలో పులుసు కలుపుకుంటూనే అన్నాడు.

"ఏనుగు కాదురా. గేదె."